బంకమట్టితో ఇన్సులేషన్ ఇటుక: మీ ఇటుకలు ఎందుకు పగిలాయి, లోపల ఎందుకు నల్లబడ్డాయి

మీరు రాసిన దాని నుంచి నాకు అర్థమైన విషయం ఇది. మీరు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న అల్యూమినియం పోతపని షెడ్డు నడుపుతున్నారు. కొలిమి గోడల గుండా వేడి వృథాగా పోతోంది, బయట దొరికే ఇన్సులేషన్ ఇటుకల ధర మీకు భారంగా ఉంది. అందుకని పెదకాకాని దగ్గరి పొలం నుంచి తెచ్చిన నల్లరేగడిలో తెనాలి మిల్లు ఊకను తట్టకు తట్ట కలిపి ఇటుకలు కోశారు, ఏప్రిల్ ఎండలో రెండు రోజులు ఆరబెట్టారు, కట్టెలతో ఒక్క రోజులో కాల్చారు. సగం ఇటుకలు ఆరేటప్పుడే పగిలాయి. మిగిలినవాటిని పగలగొట్టి చూస్తే లోపల బొగ్గులా నల్లగా ఉంది, గోటితో గీకితే పొడిగా రాలుతోంది. మంచి ఇటుక తయారైతే ఇంటి మిద్దె మీద కూడా పరచవచ్చా అని చివర అడిగారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కాల్చిన మట్టితోనే పని చేశాను. మొదట మామూలు ఇటుక బట్టీల్లోను, ఆ తర్వాత కొలిమి ఇటుకలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలోను పని చేసి, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. మీ పద్ధతిలో ఆలోచన సరైనదే. తప్పు మూడు చోట్ల జరిగింది: మట్టి ఎంపికలో, ఆరబెట్టడంలో, కాల్చిన వేగంలో. వీటిలో కాల్చడం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ పని చేయబోయి మధ్యలో వదిలేసిన వాళ్ళలో ఎక్కువమంది ఓడిపోయింది అక్కడే.

ముందుగా ఇటుక వేడిని ఎలా ఆపుతుందో చూద్దాం. ఇటుకలో వేడిని అడ్డుకునేది మట్టి కాదు, మట్టిలో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. మామూలు గట్టి ఇటుక ఉష్ణవాహకత, అంటే వేడిని తన గుండా పోనిచ్చే గుణం, మీటరుకు, డిగ్రీకి సుమారు 0.6 నుంచి 0.8 వాట్లు ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రత వద్ద నిశ్చలమైన గాలిది 0.026 వాట్లు. నీటిది 0.6. ఈ మూడు అంకెలను గుర్తుంచుకుంటే నేను చెప్పబోయే దానిలో సగం మీకు మీరే ఊహించగలరు. రంధ్రంలో గాలి ఉన్నంతసేపు అది వేడికి అడ్డుకట్ట. అదే రంధ్రంలో నీరు చేరితే అది మళ్ళీ గట్టి ఇటుకతో సమానం.

రంధ్రం పరిమాణం కూడా ముఖ్యమే. రంధ్రం పెద్దదైతే లోపలి గాలి వేడెక్కి పైకి, చల్లబడి కిందికి తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది. మిద్దె మీద వేసే పలకలో కొద్ది మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నా పెద్ద నష్టం లేదు. కొలిమి గోడలో మాత్రం మరో దారి తెరుచుకుంటుంది: ఏడెనిమిది వందల డిగ్రీల దగ్గర రంధ్రపు ఒక గోడ నుంచి ఎదుటి గోడకు వేడి వికిరణంగా దూకుతుంది, రంధ్రం ఎంత వెడల్పైతే ఆ నష్టం అంత పెరుగుతుంది. అందువల్ల కొలిమి ఇటుకకు సన్నని రంధ్రాలే కావాలి, అంటే మట్టిలో కలిపే పొట్టు ఒక మిల్లీమీటరు జల్లెడలో దిగాలి. మీరు ఊకను ఉన్నదున్నట్టు కలిపారు. ఊక గింజ పొడవు ఏడెనిమిది మిల్లీమీటర్లు, దాని ఆకారం పడవ డొప్పలా ఉంటుంది. అచ్చులో మట్టిని అదిమినప్పుడు ఆ డొప్పలన్నీ ఒకే వైపుకు పడుకుంటాయి. కాలిన తర్వాత ఆ చోట ఇటుక పొరలు పొరలుగా విడిపోతుంది. గోటితో గీకితే రాలుతోందని మీరన్నదానికి ఇది ఒక కారణం.

ఎంత తేలిక కావాలో ముందే నిర్ణయించుకోండి. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు అంగుళాల మందం ఉన్న ఇటుక ఘనపరిమాణం దాదాపు రెండు లీటర్లు. మామూలు ఇటుక ఈ కొలతలో మూడున్నర కిలోల దాకా తూగుతుంది. మీరు 1.9 నుంచి 2.2 కిలోల మధ్య బరువు లక్ష్యంగా పెట్టుకోండి. రెండు కిలోలకు వచ్చిందంటే అందులో అరవై శాతం గాలి ఉన్నట్టు, ఎందుకంటే కాలిన మట్టి పదార్థపు అసలు సాంద్రత నీటికి సుమారు 2.6 రెట్లు. ఇంకా తేలిక చేయాలన్న ఆశ సహజమే, కానీ రంధ్రాలు పెరిగే కొద్దీ గట్టిదనం చాలా వేగంగా పడిపోతుంది. చేత్తో కోసిన ఇటుక 1.6 కిలోలకు దిగిందంటే లారీలో తీసుకెళ్ళేలోపే మూలలు రాలతాయి. మామూలు ఇటుకలకు భారత ప్రమాణం ఐ.ఎస్. 1077 చెప్పే కనీస బలం చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు. మీ తేలిక ఇటుక ఆ మాత్రం కూడా అందుకోకపోవచ్చు కాబట్టి ఎట్టి పరిస్థితిలోను దానితో భారం మోసే గోడ కట్టకండి.

ఇప్పుడు మట్టి సంగతి. నల్లరేగడిలో ప్రధానంగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం పలుచని రేకుల దొంతర లాంటిది. ఆ రేకుల మధ్యకు నీరు దూరి దాన్ని ఉబ్బిస్తుంది, నీరు పోగానే అది ముడుచుకుంటుంది. మే నెలలో మన పొలాల్లో చెయ్యి దూరేంత నెర్రెలు ఎందుకు తెరుచుకుంటాయో, మీ పచ్చి ఇటుక కూడా అందుకే పగిలింది. ఒట్టి రేగడితో ఎవరు కోసినా ఈ ఫలితమే వస్తుంది. నూజివీడు వైపు దొరికే ఎర్రమట్టి గానీ, కృష్ణ ఒండ్రు గానీ రెండు పాళ్ళు, రేగడి ఒక పాలు, మెత్తగా దంచి జల్లించిన సుర్కీ (కాలిన ఇటుకల పొడి) ఒక పాలు కలిపి మొదలుపెట్టమని నా సలహా. సుర్కీ ఒకసారి కాలిన మట్టి కాబట్టి మళ్ళీ ముడుచుకోదు, ముడుచుకుంటున్న మట్టికి లోపల ఎముకల్లా నిలబడుతుంది. సుర్కీలో సగం బదులు ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే ఫ్లై యాష్ వాడవచ్చు. ఆ బూడిదలో గాలి నిండిన గుల్ల గోళాలు కొంత ఉంటాయి కాబట్టి ఇటుక ఇంకాస్త తేలికవుతుంది కూడా.

మట్టి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఇటుక కోసేంత మెత్తగా కలిపిన ముద్దతో ఒక పట్టీ చేసి, దాని మీద సరిగ్గా పది సెంటీమీటర్ల గీత గీయండి. నీడలో పూర్తిగా ఆరిన తర్వాత ఆ గీతను మళ్ళీ కొలవండి. తొమ్మిదిన్నర వచ్చిందంటే మట్టి చక్కగా ఉంది. తొమ్మిదికి దిగితే సుర్కీ పెంచాలి. ఈ ఒక్క పరీక్ష ఒక బండి కట్టెలను మిగులుస్తుంది.

రేగడిలో ఇంకో శత్రువు ఉంది. అది శనగ గింజంత సున్నపు గులక. అది బట్టీలో 800, 900 డిగ్రీల దగ్గర పొడి సున్నంగా మారుతుంది, ఇటుక బయటికి వచ్చిన తర్వాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, వారం పది రోజుల్లో ఇటుక పైపొరను పెంకులా ఎగరగొడుతుంది. పగిలిన చోట మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తే దోషి అదే. మట్టి మీద కాస్త నిమ్మరసం పిండి చూడండి, నురుగు వస్తే సున్నం ఉన్నట్టు. అలాంటి మట్టిని ఆరబెట్టి, దంచి, సన్నని జల్లెడ పట్టకుండా వాడకండి.

పొట్టు విషయంలో నా మొగ్గు ఊక కంటే రంపపు పొట్టు వైపే. ఊక కాలితే బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో అధికభాగం సిలికా. రంపపు పొట్టు కాలితే నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించి మిగలదు, రంధ్రం శుభ్రంగా ఉంటుంది. ఊక పైపొర నునుపుగా, మైనం పూసినట్టు ఉండడంతో తడి మట్టి దానికి అతుక్కోదు. పైగా అచ్చులో అదిమి వదిలితే స్ప్రింగులా వెనక్కి లేస్తుంది. మీకు ఊకే చవకగా దొరుకుతుంటే పిండి మరలో మరపట్టించి వాడండి, ఫలితం చాలా మెరుగవుతుంది. రంపపు పొట్టు అయితే కలప కోసే సా మిల్లు నుంచే తెచ్చుకోండి. ప్లైవుడ్ పొట్టులో జిగురు, మందు కొట్టిన కలప పొట్టులో విషపదార్థాలు ఉంటాయి, ఆ పొగ మీరు గానీ మీ పనివాళ్ళు గానీ పీల్చకూడదు.

కొలతలు తట్టల్లో కాక తూకంలో పెట్టుకోండి, ఎందుకంటే పొట్టును కొంచెం అదిమితే అదే తట్టలో ఒకటిన్నర రెట్లు పడుతుంది. పొడి మట్టి మిశ్రమం 100 కిలోలకు ఆరిన రంపపు పొట్టు 20 కిలోలు కలిపితే, కాలిన ఇటుక లీటరుకు సుమారు ఒక కిలో తూగుతుంది. లెక్క సులువే: 100 కిలోల మట్టి అచ్చులో దాదాపు 55 లీటర్ల చోటు తీసుకుంటుంది, 20 కిలోల పొట్టు మరో 40 లీటర్లు తీసుకుంటుంది, కాలిన తర్వాత మిగిలే 92 కిలోల మట్టి ఆ 95 లీటర్లలో పరుచుకుంటుంది. కాల్చినప్పటి ముడత వల్ల కాస్త బరువెక్కుతుంది, అంతే.

పొట్టును ముందు రోజు రాత్రే నీళ్ళలో నానబెట్టి, పొద్దున వడకట్టి కలపాలి. పొడి పొట్టు కలిపితే అది అచ్చులో మట్టి నీటిని పీల్చి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న మట్టి ఆ ఒత్తిడికి లోపలే చిట్లుతుంది. ఆ చిట్లు అప్పుడు కంటికి కనిపించదు, బట్టీలో కనిపిస్తుంది. కలిపిన ముద్దను తడి గోనె పట్టాల కింద మూడు నాలుగు రోజులు మాగనివ్వండి. కొంచెం పుల్లటి వాసన వస్తుంది, కంగారు పడవద్దు. మాగిన మట్టి చేతికి వెన్నలా లొంగుతుంది, అచ్చు మూలల్లోకి తనంత తానే చేరుతుంది.

ఇక ఆరబెట్టడం. విజయవాడలో ఏప్రిల్ ఎండ, దానితో పాటు వీచే పడమటి గాలి పచ్చి ఇటుకకు పనికిరావు. పైపొర గంటల్లో ఆరి ముడుచుకుంటుంది, లోపలి ముద్ద తడిగానే ఉంటుంది, చిన్నదైన చొక్కా తొడిగినట్టు పైపొర చిరుగుతుంది. రేకుల షెడ్డు కింద, గాలి సూటిగా తగలకుండా, మొదటి రెండు రోజులు గోనె కప్పి, ఆ తర్వాత పక్కకు తిప్పి నిలబెట్టి, మొత్తం ఎనిమిది నుంచి పది రోజులు ఆరనివ్వాలి. పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి మామూలు ఇటుక కంటే ఇది ఆలస్యంగానే ఆరుతుంది. ఒక ఇటుకకు గుర్తు పెట్టి రోజూ తూకం వేయండి. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టు. పాత కుమ్మరులు కుండను చెంపకు ఆనించి చూసేవారు. లోపల తేమ ఉంటే చెంపకు చల్లగా తగులుతుంది. నేను ఈనాటికీ తూకం వేసిన తర్వాత కూడా ఒకసారి చెంపకు ఆనించే బట్టీకి పంపుతాను.

కాల్చడం దగ్గర అసలు సంగతి ఉంది. మీ ఇటుకలో ఇంధనం ఉంది. నేను చెప్పిన పాళ్ళలో చేస్తే ఒక్కో ఇటుకలో 400 గ్రాములకు పైగా రంపపు పొట్టు ఉంటుంది. నూరు ఇటుకలు పేర్చారంటే 40 కిలోల కట్టెను బట్టీ లోపల దాచిపెట్టినట్టే. బయట నుంచి మీరు వేసే మంట మీ అదుపులో ఉంటుంది, లోపల దాగిన ఈ మంట మాత్రం 250 డిగ్రీల దగ్గర తనంత తాను అందుకుంటుంది. దాన్ని నిదానంగా, చివరిదాకా, గాలి అందించి కాల్చడమే ఈ విద్య మొత్తం.

మీ ఇటుక లోపల నల్లగా ఉండడానికి కారణం ఇది. పొట్టు మొదట పొగగా మారి బయటికి పోతుంది, మిగిలిన బొగ్గు కాలాలంటే బయటి గాలి ఇటుక నడిమధ్య దాకా చేరాలి. ఆ గాలి సన్నని రంధ్రాల గుండా అంగుళంన్నర ప్రయాణించాలి, అందుకు గంటలు పడుతుంది. మీరు ఒక్క రోజులో మంట పెంచేసరికి పైపొర బిగుసుకుంది, లోపలి బొగ్గుకు గాలి అందలేదు. అక్కడితో ఆగదు. గాలి లేని చోట బొగ్గు మట్టిలోని ఇనుప ఆక్సైడును మారుస్తుంది, ఆ మారిన రూపం మట్టిని త్వరగా కరిగించే గుణం కలది. కాబట్టి ఇంకా వేడి పెంచి ఉంటే మీ ఇటుక నడుము కరిగి, లోపలి వాయువులతో బూరెలా పొంగేది. మీరు ఆ దాకా వెళ్ళలేదు, పొడిగా రాలుతోందంటే లోపలి భాగం 800 డిగ్రీలు కూడా సరిగ్గా చూడలేదన్నమాట.

ఆటోనగర్‌లోనే దొరికే కె-టైప్ థర్మోకపుల్ (బట్టీ లోపలి వేడిని కొలిచే సాధనం) ఒకటి కొని, దాని కొన ఇటుకల పేర్పు మధ్యలో ఉండేలా అమర్చండి. మంట రంగు చూసి అంచనా వేయడం ఈ ఇటుకలకు చాలదు. ఇటుకకు ఇటుకకు మధ్య వేలు దూరేంత సందు వదలండి. మొదటి ఆరు గంటల్లో 120 డిగ్రీలకు మించకండి, మిగిలిన తేమ అప్పుడు పోతుంది. అక్కడి నుంచి 450 దాకా గంటకు 30 డిగ్రీలే. పొగ దట్టంగా వచ్చేది ఈ దశలోనే. ఆ తర్వాత 700 దాకా గంటకు 40 డిగ్రీలు పెంచవచ్చు. ఈ మధ్యలోనే మట్టి ఖనిజంలో కట్టుబడి ఉన్న నీరు విడుదలవుతుంది, 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువులు ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి, కాబట్టి తొందర వద్దు. 700 దగ్గర ఆగి, పొగగొట్టం పూర్తిగా తెరిచి, గాలి బాగా ఆడనిస్తూ కనీసం ఐదు గంటలు నిలపండి. బొగ్గు కాలిపోయేది ఈ ఐదు గంటల్లోనే. ఆ తర్వాత 950కి చేర్చి మూడు గంటలు ఉంచి ఆపేయండి. మొత్తం 35 గంటల పని, ఆపైన చల్లారడానికి ఒకటిన్నర రోజు. చల్లారేటప్పుడు కూడా 573 దగ్గర అదే ఇసుక మళ్ళీ ముడుచుకుంటుంది, అందుకని 400కు దిగేదాకా తలుపు తీయవద్దు.

పొగ దశ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో ఒక ఆర్డరు త్వరగా పంపాలన్న ఆత్రంలో 300 డిగ్రీల దగ్గర మంట పెంచాను. గంట తిరగకముందే ముల్లు 480 దాటింది. బట్టీ సందుల్లో నుంచి పసుపు రంగు పొగ, ముద్ద కట్టినట్టు, బరువుగా కారుతోంది. లోపల ఏమవుతోందో చూద్దామని తలుపు ఒక జానెడు తీశాను. ఆ పొగ అంతా కాలడానికి గాలి కోసం ఎదురుచూస్తున్న వాయువే. గాలి తగలగానే తలుపు సందు నుంచి మంట బారెడు పొడవున బయటికి వచ్చింది. ముంజేతి మీద చర్మం కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ బట్టీలో ఇటుకలు సగానికి పైగా చీలిపోయాయి. తప్పు నాదే. అందువల్ల పొగ పసుపు రంగులో దట్టంగా ఉన్నప్పుడు బట్టీ తలుపు తీయకండి, బయటి మంట తగ్గించి, పొగగొట్టం తెరిచే ఉంచి, పొగ పలచబడేదాకా దూరంగా నిలబడండి.

ఇటుక సరిగ్గా కాలిందో లేదో తెలుసుకోవడానికి ప్రతి విడతలో పేర్పు మధ్య నుంచి ఒకదాన్ని తీసి పగలగొట్టండి. అంచు నుంచి నడిమధ్య దాకా ఒకే ఎరుపు ఉండాలి. రేగు గింజంత బూడిద రంగు మచ్చ ఉంటే 700 దగ్గర మరో రెండు గంటలు కలపాలి.

మీ కొలిమికి వస్తాను. మామూలు మట్టిలో ఇనుము, క్షారాలు ఎక్కువ కాబట్టి ఈ ఇటుకను 900 డిగ్రీల లోపు ఉండే చోటే పెట్టాలి, మంటకు ఎదురుగా పెట్టకూడదు. లోపలి వైపు ఎక్కువ వేడిని తట్టుకునే గట్టి ఫైర్ బ్రిక్ ఒక వరుస, దాని వెనక మీ తేలిక ఇటుక ఒక వరుస ఉండాలి. ఒక ఉజ్జాయింపు లెక్క చూడండి. కొలిమి లోపల 900 డిగ్రీలు, బయట 35 అనుకుందాం. తొమ్మిది అంగుళాల గోడ మొత్తం గట్టి ఫైర్ బ్రిక్ అయితే, చదరపు మీటరుకు దాదాపు 2,600 వాట్లు బయటికి పోతుంది. అందులో సగం మందాన్ని 0.25 వాట్ల ఉష్ణవాహకత ఉన్న తేలిక ఇటుకతో మారిస్తే నష్టం 1,300 వాట్ల దగ్గరికి దిగుతుంది. రెండు వరుసలు కలిసే చోట వేడి 750 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది మీ ఇటుక భరించగల వేడే. గోడ మందం పెరగలేదు, నష్టం సగమైంది. తేలిక ఇటుక తనలో దాచుకునే వేడి కూడా తక్కువ. రోజూ పొద్దున వెలిగించి సాయంత్రం ఆర్పే మీలాంటి షెడ్డుకు ఈ లాభం చిన్నది కాదు.

కరిగిన అల్యూమినియం ఈ ఇటుకకు తగిలే అవకాశమే ఉండకూడదు. దానికి రెండు కారణాలున్నాయి. అల్యూమినియం మట్టిలోని సిలికా నుంచి ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, ఇటుక తినివేయబడి లోహంలో సిలికాన్ చేరుతుంది. రెండోది ప్రాణాలకు సంబంధించినది. రంధ్రాల ఇటుక వర్షాకాలంలో గాలి నుంచే తేమ పీలుస్తుంది. ఆ తేమ మీద కరిగిన లోహం పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని చిమ్ముతుంది. కొత్తగా కట్టిన గోడనైనా, నాలుగు రోజులు ఆగిన కొలిమినైనా, మొదట 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి ఆరబెట్టిన తర్వాతే వేడి పెంచండి. ఇటుకలను అతకడానికి సిమెంటు వద్దు, అది ఎర్రటి వేడికి బలం కోల్పోతుంది. ఇటుకకు వాడిన మట్టిలోనే సమానంగా మెత్తని సుర్కీ కలిపి, రెండు మూడు మిల్లీమీటర్లకు మించని అతుకు వేయండి. కాలిన ఇటుకను ముక్కలుగా కోసేటప్పుడు తడిపి కోయండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ముఖ్యంగా ఊక వాడినప్పుడు 800 డిగ్రీలు దాటిన బూడిదలో సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంలోకి మారి ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది.

మిద్దె మీద వేయవచ్చా అన్నారు. వేయవచ్చు, కానీ ఎంత లాభమో తెలుసుకుని వేయండి. నాలుగు అంగుళాల కాంక్రీటు శ్లాబు వేడిని అడ్డుకునే దాని కంటే, రెండు అంగుళాల మీ పలక మూడు రెట్లు ఎక్కువ అడ్డుకుంటుంది. అదే మందం థర్మోకోల్ మీ పలక కంటే మరో ఏడు రెట్లు అడ్డుకుంటుంది. మట్టి పలకకు ఉన్న మేలు వేరు: నిప్పు అంటుకోదు, చెద పట్టదు, ఎండకు చివకదు. మన ఇళ్ళ మిద్దెల మీద కుండలు బోర్లించి పైన సున్నం కాంక్రీటు వేసే పాత పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడిచింది. వానకు తడిసిన పలక మాత్రం దాదాపు గట్టి ఇటుకలాగే వేడిని లోపలికి పంపుతుంది, పైగా చదరపు మీటరుకు 50 కిలోలు ఉన్నది 80కి చేరవచ్చు. కాబట్టి కింద వాటర్‌ప్రూఫింగ్, పైన నీరు దిగని పూత, నీరు నిలవని వాటం తప్పనిసరి. పైపూత తెల్లగా ఉంటే ఆ తెలుపే ఎండలో పెద్ద భాగాన్ని వెనక్కి పంపుతుంది. శ్లాబు ఆ అదనపు బరువు మోస్తుందో లేదో ఇంజనీరును అడగకుండా వేయవద్దు.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్ళు కొందరు నన్ను ఇదే ఇటుక గురించి అడిగారు. అక్కడికి ఇది పనికిరాదు. బయటి వేడి గాలిలోని ఆవిరి చల్లటి గోడ వైపు వెళ్ళి రంధ్రాల్లోనే నీరుగా మారుతుంది, ఒక్క సీజనులో గోడంతా తడి స్పాంజి అవుతుంది.

తేలిక ఇటుక అనగానే మనందరికీ రామప్ప గుడి గుర్తుకొస్తుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఆ ఆలయ విమానానికి నీటిలో తేలే ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన తర్వాత ఆ ఇటుక గురించి అందరూ మాట్లాడుతున్నారు. మీరు కూడా మీ ఇటుక ముక్కను బకెట్లో వేసి చూడండి, కానీ తేలిందా లేదా అన్నదానితో ఆగకుండా ఎంతసేపు తేలిందో గడియారం పెట్టి చూడండి. వేయగానే బుడగలు చిమ్ముతూ ఐదు నిమిషాల్లో మునిగితే రంధ్రాలన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకున్నట్టు. పొట్టు కాల్చి చేసిన ఇటుక సాధారణంగా అలాగే ఉంటుంది. కొలిమికి దానివల్ల నష్టం లేదు, మిద్దెకు ఉంది.

మూసుకున్న రంధ్రాలు కావాలంటే నురుగు పద్ధతి ఉంది. పలచని మట్టి ద్రావణంలో గట్టిగా గిలకొట్టిన నురుగు కలిపి అచ్చులో పోస్తారు. కుంకుడుకాయ నురుగుతో కూడా నేను చేసి చూశాను, బుడగలు సన్నగా, గుండ్రంగా వచ్చాయి. కష్టమల్లా ఆ నురుగు కూలిపోకముందే ద్రావణం గట్టిపడాలి, అందుకు కొద్దిగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలపాలి. రేగడి దీనికి అసలు పనికిరాదు, నీరు విపరీతంగా తాగుతుంది. ద్వారకా తిరుమల ప్రాంతంలో దొరికే తెల్ల బంకమట్టి లాంటిది కావాలి. మరో పద్ధతి మట్టి ఉండలను గిర్రున తిరిగే కొలిమిలో 1,100 నుంచి 1,200 డిగ్రీలకు వేగంగా వేడిచేసి పేలాల్లా పొంగించడం. అమెరికాలో స్టీఫెన్ హేడ్ అనే ఇటుకల తయారీదారు, బట్టీలో ఎక్కువ కాలి పొంగి పాడైన ఇటుకలను గమనించి, 1918లో దీనికి పేటెంటు పొందాడు. మీ ఇటుక నడుములో నలుపు ముదిరితే జరిగేది అదే పొంగు. దానికి పెద్ద యంత్రాలు కావాలి, మీ షెడ్డు స్థాయికి తగదు.

తర్వాతి విడత నూరు ఇటుకలు కోయకండి, ముప్పై చాలు. 100 కిలోల మట్టికి పొట్టు 10, 15, 20 కిలోల చొప్పున మూడు పాళ్ళు పెట్టి, పాలుకు పది ఇటుకలు కోసి, పచ్చిగా ఉన్నప్పుడే గోటితో ఒకటి, రెండు, మూడు గీతలు గీసి గుర్తు పెట్టండి. పచ్చి బరువు, ఆరిన బరువు, కాలిన బరువు ఒక పుస్తకంలో రాయండి. మూడు రకాల్లోనూ ఒక్కొక్కటి పగలగొట్టి, పగిలిన ముఖాన్ని పగటి వెలుతురులో ఫొటో తీసి ఆ తూకాలతో పాటు ఇక్కడే పెట్టండి. ఏ పాలు కుదిరిందో, 700 దగ్గర ఇంకెన్ని గంటలు నిలపాలో చూసి చెబుతాను.